కోపించు బాలుడును ఇంటివారును

కోపమును గూర్చిన సుమతీ శతక పద్యమును తరగతిలో తప్పులేక అప్పగించిన బాలుడే, ఇంటికి పోయి తల్లి యొక మాట అనగానే తలుపు దడాలున వేయుచున్నాడు. వానికి పద్యము రాక కాదు. కోపము వచ్చిన క్షణమున అది అక్కరకు రాకున్నది. దీనికి కారణమేమి? ఇంటివారు చేయదగినదేమి?

ముందుగా నా యింటి సంగతి చెప్పెదను. తరగతిలో నలువదిమంది బాలురను ఓర్పుతో నడుపు నేను, ఒక రాత్రి భోజనమువేళ పదునాలుగేండ్ల నా కుమారుని మార్కులను గూర్చి గద్దించితిని. వాడు అన్నపు కంచమును త్రోసివేసి లేచెను. నేను చేయి యెత్తితిని. నా భార్య నడుమ నిలువకున్నచో కొట్టియుందును. మరునాటి సాయంకాలము చెరువుగట్టున నడచుచుండగా వాడే చెప్పెను. ఆ దినమున తరగతిలో పద్యము చదువుచుండగా, మారుచున్న వాని గొంతు కీచుమనెనట; పిల్లలందరును నవ్విరట. నేను మార్కులని తలచితిని. వానిని కాల్చినది ఆ నవ్వు.

కోపము శరీరమునుగూడ పట్టును. అమెరికా దేశపు శరీరశాస్త్రజ్ఞుడగు వాల్టర్ కానన్ 1915లో దీనినిగూర్చి గ్రంథము ప్రకటించెను. కోపము వచ్చినపుడు మూత్రపిండములపైనుండు గ్రంథులు అడ్రినలిను అను పదార్థమును రక్తములోనికి విడుచును. గుండె వడిగా కొట్టుకొనును, కండరములు బిగియును. ఇది చల్లారుటకు కొంత సేపు పట్టును. మరియు, ఆలోచించి అదుపుచేయు మెదడు ముందుభాగము ఇరువదియైదేండ్ల ప్రాంతమునగాని పూర్తిగా పరిణతి నొందదు. ఉద్రేకములను పుట్టించు భాగములు అంతకుముందే చురుకుగా నుండును. గుర్రము సిద్ధమైనది గాని కళ్ళెము ఇంకను సిద్ధము కాలేదు.

కావున కోపపు వేళ నీతి బోధింపరాదు. పెద్దవారు మొదట తమ గొంతు తగ్గించి, "ఇప్పుడు వద్దు నాయనా, రేపు సాయంకాలము మాటలాడుకొందము" అని చెప్పి, ఆ వేళకు తప్పక మాటలాడవలెను. ఎదుట నిలువబెట్టి ప్రశ్నించుటకంటె, నడచుచునో, పని చేయుచునో అడిగినచో బాలుడు నోరు విప్పును. వాడు ముగించువరకు వినవలెను. కోపము వచ్చుట తప్పు కాదనియు, కొట్టుటయు పగులగొట్టుటయు తప్పనియు స్పష్టముగా చెప్పవలెను. చెడగొట్టినదానిని వానిచేతనే బాగుచేయింపవలెను. ఈ యీడువారికి దినమునకు 8 మొదలు 10 గంటల నిద్ర కావలెను. అర్ధరాత్రివరకు ఫోను చూచిన బాలునికి ఉదయమున ఓర్పు ఎక్కడిది?

ఇట్లు చేసినను బాలుడు ఇంటివారిని కొట్టుచున్నను, తన్నుతాను గాయపరచుకొనుచున్నను, చావును గూర్చి మాటలాడినను, సిగ్గుపడి దాచక వెంటనే వైద్యునికి చూపవలెను. 2022లో భారత ప్రభుత్వము ఆరంభించిన టెలి మానస్‌కు 14416 అను సంఖ్యతో ఫోను చేసినచో, ఉచితముగా సలహా లభించును.

విద్యార్థులారా, గుండె దడదడలాడునపుడు "కొంచెము సేపు బయట నడచి వచ్చెదను" అని చెప్పి వెళ్లుడు; చల్లబడిన పిదప తిరిగి వచ్చి మాటలాడుడు. మా యింట ఆ రాత్రి నేలపై చిందిన అన్నమును నా కుమారుడు తానే ఎత్తెను. చేయి యెత్తినందులకు నేను వానిని క్షమాపణ వేడుటకు మరునాటి సాయంకాలమువరకు పట్టినది. వాడు నాకంటె ముందుగానే చల్లారియుండెను.