మోటారు మూలిగితే.. ఆపేయ్!

వీకెండ్‌కి మిర్యాలగూడ వెళ్లా. నాన్న లేత్ షాపులో రైస్‌మిల్లు షాఫ్ట్ బిగించి స్విచ్ నొక్కా. లేత్‌తో పాటే వచ్చిన పాత త్రీఫేజ్ మోటారు తిరగలేదు. ‘ఊఁ..’ అని మూలిగింది.

‘ముందు ఆపు బిడ్డా! కాయిల్ కాలిపోతది’ అన్నాడు నాన్న.

ఒక ఫేజ్ అందట్లేదు. అలాగే వదిలేస్తే మిగతా రెండింటి మీదే భారం పడి, నిమిషాల్లో వైండింగ్ మాడిపోతుంది. మెయిన్ ఆఫ్ చేసి స్టార్టర్ విప్పితే.. ఒక కాంటాక్ట్ నల్లగా కాలి ఉంది.

‘ఇవన్నీ తీసేసి వీఎఫ్‌డీ పెడదాం నాన్నా. నాబ్ తిప్పితే స్పీడ్ మారుతుంది’ అన్నా.

‘స్పీడ్ తగ్గితే మోటారు ఫ్యాన్ గూడ తగ్గుతది గదా. గాలెట్ల?’

నిజమే! ఫ్యాన్ ఉండేది మోటారు షాఫ్ట్‌కే. పైగా వీఎఫ్‌డీతో వేగం తగ్గించినా టార్క్ పెరగదు. అదే స్టెప్ పుల్లీ మీద బెల్టు మారిస్తే వేగం తగ్గి, బలం పెరుగుతుంది. మందం కోత తీయాలంటే కావాల్సింది అదే.

సూర్యాపేట నుంచి కాంటాక్ట్ కిట్ తెచ్చి మార్చా. కోదాడ ఫ్రెండ్ సలహాతో సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ కూడా పెట్టా. లైన్ వోల్టేజీని మాత్రమే చూసేది కాదు.. మోటారుకు వెళ్లే కరెంట్‌ని చూసేది. స్టార్టర్‌లో కాంటాక్ట్ పోయినా అది పసిగడుతుంది.

మీ పొలంలో త్రీఫేజ్ బోరు మోటారుకూ ఇదే రూల్. మూలిగిందా? మళ్లీ మళ్లీ నొక్కకండి. ఆపేయండి!