ఎరువుల యంత్రమున బ్యాటరీ మట్టము

సబ్సిడీ ఎరువులను చేతి యంత్రమున వేలిముద్ర గ్రహించి విక్రయించు పద్ధతి 2018 మార్చి నాటికి దేశమంతటను అమలునకు వచ్చెను. అర్ధవీడు రైతు యూరియా కొరకు వరుసలో నిలిచి, వేలిముద్ర వేసి, రసీదు వచ్చువేళకు యంత్రము ఆరిపోయినచో నాటి పని చెడినట్లే.

“సగము ఛార్జి చూపెనే!” యని గుమాస్తా యాశ్చర్యపడును. లిథియం బ్యాటరీ నిండియున్నపుడు సెల్లునకు సాధారణముగా 4.2 వోల్టులుండును. పిదప 3.7 ప్రాంతమున చాలసేపు నిలిచి, తుదకు వడిగా జారును. నడుమ వెడల్పై, అడుగున ఇరుకైన కుంట ఎండు రీతియే యిది. కావున వోల్టులనుబట్టి మాత్రమే లెక్కించిన శాతమును నడిమి భాగమున నమ్మరాదు. పైగా రసీదు అచ్చగుటకు కాగితమును వేడిచేయవలెను. అప్పుడు విద్యుత్తు ఒక్కుమ్మడి లాగబడి వోల్టులు క్రుంగును. పాత బ్యాటరీ యన్ననో, పూడిక పడిన చెరువు. మట్టము నిండుగనే కనిపించును, నీరు మాత్రము కొంచెమే.

నెలకొకమారు, రద్దీ లేని దినమున, నిండా ఛార్జి చేసి, మరల ఛార్జి కోరులోపల ఎన్ని రసీదులు వచ్చెనో సొసైటీ పుస్తకమున వ్రాయుట మేలు. ఆ లెక్క నెలనెలా తగ్గుచున్నచో, శాతమేమి చూపినను బ్యాటరీ మార్చవలసినదే. 45 డిగ్రీలు మించిన వేడిమిలో ఛార్జి చేయరాదు. మన వేసవిలో కిటికీ ప్రక్క బల్లపై పెట్టుటయు తప్పే. ఉబ్బిన బ్యాటరీని ఒక్క దినమైనను వాడరాదు.

ఖరీఫు రద్దీకి ముందే సభ్యులు ఆ పుస్తకమును అడిగి చూచుటకు సంకోచింపనక్కరలేదు.