బోరు నీళ్లు సబ్బును ఎందుకు తింటాయి?

మన షోలాపూర్ వాడల్లో నల్లాకు ఉజని నీళ్లు రోజూ రావు. వచ్చిన నాడు తాగడానికి, వంటకు పట్టి పెట్టుకుంటాం. బట్టలకు మాత్రం చాలా ఇళ్లలో బోరు నీళ్లే గతి. వాటిలో ఎంత రుద్దినా నురగ రాదు. టవల్ ఆరాక అట్టలా బిగుసుకుంటుంది. "సబ్బులోనే కల్తీ ఉంది" అని దుకాణం వాణ్ణి తిడతాం. డైయింగ్ కార్ఖానాలో చాలా ఏళ్లు పనిచేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా: తప్పు సబ్బుది కాదు, నీళ్లలో కరిగిన లవణాలది.

ముందు రంగు తొట్టి సంగతి చూద్దాం. నీళ్లలో మునిగిన నూలు మీద కొద్దిగా మైనస్ ఛార్జీ ఉంటుంది. రియాక్టివ్ రంగుకూ మైనస్సే. అందుకే ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. ముదురు రంగులకు లీటరు నీటికి 50 గ్రాములు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఉప్పు వేసేది ఇందుకే. ఉప్పులోని సోడియంకు ప్లస్ ఛార్జీ. అది మధ్యలో చేరి ఆ తోపులాట తగ్గిస్తుంది, రంగు నూలును చేరుతుంది.

తొట్టిలో మేలు చేసిన ఈ గుణమే బట్టలుతికే చోట కీడు చేస్తుంది. మన నల్లరేగడి మట్టి రేణువులకు మైనస్ ఛార్జీ. బట్టల పౌడరులో మురికి వదిలించే పదార్థానికీ మామూలుగా మైనస్సే. కాబట్టి మెత్తటి నీళ్లలో పౌడరు మట్టికి అంటుకుని వృథా కాదు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి. వీటికి రెండేసి ప్లస్‌లు. రెండు చేతులనుకోండి: ఒక చేత్తో మట్టిని, రెండో చేత్తో పౌడరును పట్టుకుంటాయి. పౌడరు మట్టి మీదే చిక్కుకుపోతుంది. ఇక సబ్బైతే కాల్షియంతో కలిసి తెల్లటి తెట్టుగా మారి పోగుల మధ్య కూర్చుంటుంది. టవల్ నీళ్లు పీల్చనిది అందుకే.

తాగునీటి కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే నీళ్లు లేనప్పుడు 600 వరకు ఫర్వాలేదని మన దేశ ప్రమాణం. 600 ఉన్న నీళ్లు 20 లీటర్ల బకెట్టు పడితే, లెక్క ప్రకారం నురగ మొదలవకముందే సుమారు 70 గ్రాముల సబ్బు మాయం!

ఈ బాధ మనకొక్కరికే కాదు. రాతి పొరల్లో ఇరుక్కున్న చమురును కదిలించడానికి సబ్బులాంటి పదార్థాలను భూమిలోకి పంపుతారు. నీళ్లలో లవణాలుంటే ఆ ఖరీదైన సరుకు రాళ్లకే అంటుకుపోతుంది. చైనాలోని డాచింగ్ చమురు క్షేత్రంలో దానితోపాటు సోడా కూడా పంపారు. అది మన వాషింగ్ సోడాయే.

ఆ ఉపాయం మన ఇంట్లోనూ పనిచేస్తుంది. బకెట్టు బోరు నీళ్లలో ముందు రెండు పెద్ద చెంచాల వాషింగ్ సోడా కలిపి అరగంట ఆగండి. కాల్షియం తెల్లగా అడుగుకు దిగుతుంది. పైనున్న తేట నీళ్లు వంచుకుని అప్పుడు సబ్బు వేయండి. పట్టు, ఉన్ని బట్టలకు ఇది వాడొద్దు. సోడా నీళ్లలో చేతులు ఎక్కువసేపు నాననివ్వకండి. వీలైతే ఆఖరి జాడింపుకు నల్లా నీళ్లు ఒక బకెట్టు దాచుకోండి.

కార్ఖానాలో పనిచేసే తమ్ముళ్లకు ఒక మాట. రంగు పట్టాక ఉప్పు పూర్తిగా పోయేలా జాడించి, ఆ తర్వాతే మరిగే నీళ్లలో సబ్బు పెట్టండి. ఉప్పు మిగిలితే నూలుకు కుదురుకోని రంగు కూడా దాన్నే పట్టుకుని ఉండి, కొన్నవాళ్లు మొదటిసారి ఉతికినప్పుడు బయటపడుతుంది. ఒక జాడింపు మిగిల్చామని సేటు సంతోషించవచ్చు. రంగు పోయిన టవళ్ల లాట్ వాపసు వస్తే ఆ దెబ్బ చివరికి మన మజూరీ మీదే పడుతుంది.