కెనడాదేశపు చెట్టుపాకము - రైతుల ఉమ్మడి కొట్టు

కెనడాదేశము మన గోదావరి ప్రాంతమువారికి బొత్తిగా క్రొత్తపేరు గాదు. ఆ దేశపు బాప్టిస్టు మిషనువారు 1874లోనే కాకినాడలో పని ప్రారంభించిరి. అచ్చటి మెక్లారిన్ హైస్కూలు వారు నెలకొల్పినదే. అయినను ఆ దేశీయుల జీవనములోని వింతలు మనలో ననేకు లెరుగరు. కొన్నింటిని సోదరరైతులకు తెలుపుచున్నాము.

ఉత్తరమున హడ్సను అఖాతముచెంత చర్చిలు అను చిన్నపట్టణము గలదు. అచ్చటివారిలో ననేకులు తమ కార్లకు తాళములు వేయరు. వీధిలో తెల్ల ఎలుగుబంటి యెదురైనవాడు చేరువనున్న కారులో దూరి ప్రాణము దక్కించుకొనవలెనని వారి తలంపు! ఊరిమీదికి వచ్చు నెలుగులను పట్టియుంచుటకు బందిఖానాయు గలదు.

ఒంటారియో, క్విబెక్కు రాష్ట్రములలో పాలను సంచులలో నమ్ముట యితర దేశీయులకు వింత. నిత్యము పాలపొట్లము కొను మన పట్టణవాసులకు మాత్రము వింతగాదు. పాడిరైతుల మేలునకై, నూనెతో చేసిన మార్గరీనునకు వెన్నవలె పసుపురంగు వేయరాదను నిబంధన క్విబెక్కులో 2008 వరకు నుండెను.

అన్నిటికంటె మనము తెలిసికొనదగినది మేపులు చెట్టు సంగతి. 1965లో నా దేశమువారు తమ జెండాపై నిలుపుకొన్నది యీ చెట్టు ఆకునే. మనవారు తాటిచెట్టునకు లొట్టి కట్టినట్లు, వారు చలికాలము చివర మేపులు మ్రానునకు చిన్నరంధ్రము తొలిచి నీరు పట్టుదురు. రాత్రి గడ్డకట్టు చలి, పగలు కొంచెము వెచ్చదనము ఉన్ననేగాని నీరు దిగదు. సుమారు 40 లీటర్ల నీరు కాచిన 1 లీటరు పాకము వచ్చును. వేడిపాకమును మంచుపై పోసి, బిగిసినంతనే పుల్లకు చుట్టుకొని తినుట వారికి పండుగ.

లోకములోని యీ పాకములో నధికభాగము క్విబెక్కుదే. అచ్చటి ఉత్పత్తిదారులు 1966లో సమాఖ్యగా నేర్పడిరి. చెట్లు బాగుగ నిచ్చిన యేట ధర పడిపోకుండ, ఈయని యేట సరకు కొరవడకుండ 2000లో ఉమ్మడి నిలువ నేర్పరచిరి. ఎవరెంత అమ్మవలెనో సమాఖ్యయే నిర్ణయించును. ఇది గిట్టక తగవులాడినవారును గలరు. అయినను ధర నిలిచినది.

ఇంతలో గొప్పచోరి జరిగినది. 2011, 2012లలో దొంగలు ఒక గోదాములోని పీపాలనుండి సుమారు 3,000 టన్నుల పాకము తోడుకొని, కొన్నింట నీరునింపి యథాస్థానమున నుంచిరి. పీపాల వరుస చెదరలేదు! 2012 వేసవిలో తనిఖీకై వచ్చినవాడు పీపాపై కెక్కగా నది బరువులేక కదలెను, గుట్టు బయటపడెను. నష్టము సుమారు 1 కోటి 80 లక్షల డాలర్లు. 2017లో ప్రధానదోషికి 8 ఏండ్ల జైలుశిక్ష పడినది.

పీపాల లెక్క సరిపోయినంతమాత్రమున సరకు సరిపోయినట్లు గాదు. మన సంఘపు గోదాములలోని ధాన్యపు బస్తాలకును, ఎరువుల బస్తాలకును నిదియే న్యాయము. బస్తాలు లెక్కించుటతో సరిపెట్టక, కొన్నింటిని విప్పి చూచి, కాటావేసి నిలువపుస్తకముతో సరిచూడవలెను. సర్వసభ్య సమావేశమున నా లెక్క అడుగుట కార్యదర్శిని శంకించుట గాదు. సభ్యుడు తన సొత్తును తాను కాచుకొనుటయే.