కొండ మీద రేడియోకి ఎంత ఎండ కావాలి?

మేము ఉండేది సియాటిల్‌కి తూర్పున, కేస్కేడ్ కొండల మొదట్లో. మా లోయలోకి సెల్‌ఫోను సిగ్నల్ రాదు. అందుకని నాలుగిళ్ళవాళ్ళం కలిసి పక్కనున్న గుట్ట మీద ఒక చిన్న వైర్‌లెస్ రిలే పెట్టుకున్నాం. ఊళ్ళోంచి వచ్చే ఇంటర్నెట్‌ని అందుకుని మా ఇళ్ళకి దింపడమే దాని పని. గుట్ట మీదకి కరెంటు లేదు. "సోలార్ పెట్టేద్దాం, లెక్క నేను చూసుకుంటాను" అన్నాను. ఇంజనీరుని కదా, అందరూ నమ్మారు.

రేడియోకి కావలసినది 8 వాట్లు. నేను కొన్నది 100 వాట్ల పేనెల్, 12 వోల్టుల 100 ఏంపియర్-అవర్ల లెడ్ ఏసిడ్ బేటరీ. అవసరానికి పన్నెండు రెట్లు ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను. జూలైలో బిగించాం. అక్టోబరు దాకా చక్కగా నడిచింది. నవంబరు చివర, సరిగ్గా థేంక్స్‌గివింగ్ వారంలో, ఒక రాత్రి ఆగిపోయింది. మా పక్కింటి పెద్దావిడ గుండె జబ్బు మనిషి. ఆవిడ ఫోను కూడా ఆ ఇంటర్నెట్ మీదే నడుస్తుంది. నాలుగు రోజులు పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు వెళ్ళి ఆవిడని చూసి రావలసి వచ్చింది. అదృష్టం బాగుండి ఏమీ కాలేదు. కాని తప్పు నా లెక్కదే. ఎక్కడ తప్పానో చెబుతాను, మీకైనా పనికొస్తుంది.

మొదటి తప్పు: వాట్లని వాట్లతో పోల్చడం. రేడియో రాత్రీ పగలూ పని చేస్తుంది; పేనెల్ ఎండ ఉన్నంతసేపే. కాబట్టి పోల్చవలసినది ఒక రోజు ఖర్చుతో ఒక రోజు రాబడిని. ఖర్చు 8 × 24 = 192 వాట్-అవర్లు. తీగలలో పోయేది, చార్జ్ కంట్రోలర్ తినేది కలిపి పాతిక శాతం వేసుకుంటే 240.

ఇక రాబడి. పేనెల్ మీద రాసిన 100 వాట్లు ప్రయోగశాల మాట. చదరపు మీటరుకి 1000 వాట్ల ఎండ పడుతూ, పేనెల్ వేడి 25 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు వచ్చేది అది. రోజంతా పడిన ఎండని కూడి, అది ఇలాంటి నిండు ఎండలో ఎన్ని గంటలకి సమానమో చూస్తే వాటిని "పూర్తి ఎండ గంటలు" అనుకోవచ్చు. దక్షిణానికి వాలుగా పెట్టిన పేనెల్‌కి సియాటిల్‌లో జూలైలో రోజుకి ఐదున్నర గంటల దాకా దొరుకుతాయి. డిసెంబరులో గంటన్నర! అంటే నా పేనెల్ ఇచ్చేది 150 వాట్-అవర్లు. బేటరీలో పోయేది, మురికి, తడి, ఇతర నష్టాల కింద 1.3తో భాగిస్తే చేతికొచ్చేది 115. ఖర్చు 240, రాబడి 115. ఇలాంటి సంసారం ఎన్నాళ్ళు సాగుతుంది?

"అయితే పెద్ద బేటరీ కొందాం" అన్నారు మా వాళ్ళు. చాలామంది చేసే తప్పు ఇదే. పేనెల్ వాగు, బేటరీ చెరువు, రేడియో తూము. చెరువుని ఎంత తవ్వినా వాగులో నీరు పెరగదు. ఎండిపోవడం కొన్నాళ్ళు ఆలస్యమవుతుంది, అంతే. ముందు వాగు సంగతి చూడాలి. అదీ ఏడాది సగటు మీద కాదు, ఏడాదిలో అధ్వాన్నమైన నెల మీద.

ఆ నెలకి లెక్క వేద్దాం. 240ని గంటన్నరతో భాగిస్తే 160 వాట్లు. నష్టాలకి 1.3తో గుణిస్తే 208. ఇది ఏ రోజు ఖర్చు ఆ రోజుకి సరిపోయేది మాత్రమే. ముసురు పట్టి బేటరీ దిగిపోతే తిరిగి నింపడానికి మిగులు కావాలి కదా! అందుకని 300 వాట్లు పెట్టాం. డిసెంబరులో కూడా రోజుకి సుమారు 100 వాట్-అవర్లు మిగులుతాయి.

ఇప్పుడు చెరువు. అసలు ఎండే లేకుండా అయిదు రోజులు నడవాలనుకున్నాం: 240 × 5 = 1200. లెడ్ ఏసిడ్ బేటరీని సగం కంటె దింపితే త్వరగా పాడవుతుంది కనుక 2400. చలికి దాని శక్తి తగ్గుతుంది. గడ్డకట్టే చలిలో అయిదో వంతు పోతుందనుకుంటే 3000. దీన్ని 12 వోల్టులతో భాగిస్తే 250 ఏంపియర్-అవర్లు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బేటరీ అయితే ఇందులో సగం చాలు, కాని సున్నా డిగ్రీలకి దిగువన దాన్ని చార్జ్ చేస్తే దెబ్బతింటుంది. మా గుట్ట మీద అది కుదరదని పాతదానితోనే ఉన్నాం.

మరి రెండు జాగ్రత్తలు. చలికాలపు సూర్యుడు కిందుగా ఉంటాడు కనుక పేనెల్‌ని మన అక్షాంశం కంటె ఓ పదిహేను డిగ్రీలు ఎక్కువ నిటారుగా పెట్టాలి. మంచు కూడా జారిపోతుంది. పేనెల్ మీద ఒక మూల చెట్టు నీడ పడినా ఆ మూల రాబడే కాదు, మిగతాదాంట్లో కూడా చాలా భాగం పోతుంది.

అన్నిటికంటె చవకైన పని ఖర్చు తగ్గించడం. ఈ లెక్కలోనే చూడండి: రేడియో ఒక్క వాట్ తక్కువ తింటే 26 వాట్ల పేనెల్, 31 ఏంపియర్-అవర్ల బేటరీ మిగులుతాయి. అందుకే ఇన్‌వర్టర్ జోలికి పోకుండా, నేరుగా డీసీ మీద నడిచే రేడియో కొనడం మేలు. ఇన్‌వర్టర్ ఊరికే కూర్చున్నా కొన్ని వాట్లు తినేస్తుంది.

ఈ మధ్య అనంతపురం నుంచి మా తమ్ముడు ఫోను చేశాడు. పొలంలో బోరు దగ్గర వైర్‌లెస్ కేమెరా పెడుతున్నాడు, ఖర్చు అదే 8 వాట్లు. "అన్నా, పేనెల్ ఎంతది కొనాల?" అన్నాడు. అక్కడ మబ్బు నెలల్లో కూడా పూర్తి ఎండ నాలుగు గంటల పైమాటే. నాలుగే వేసుకున్నా 78 వాట్లు. ఇక్కడ నన్ను ముంచిన 100 వాట్ల పేనెలే వాడికి సరిపోతుంది! అయితే అక్కడ శత్రువు వేడి. పేనెల్ 60 డిగ్రీలకి కాగితే రాబడి ఏడో వంతు తగ్గుతుంది. బేటరీకి పది డిగ్రీలు వేడి పెరిగితే ఆయుష్షు సగమవుతుంది. అందుకని పేనెల్ వెనక గాలి ఆడనివ్వమనీ, బేటరీని నీడలో పెట్టమనీ చెప్పాను.

మా గుట్ట మీది రేడియో ఆ తరువాత చలికాలాల్లో ఆగలేదు. అయినా థేంక్స్‌గివింగ్ వస్తోందంటే ముందుగా ఎక్కి బేటరీ వోల్టేజి చూసి వస్తాను. దిగేటప్పుడు పెద్దావిడ ఇంటి ముందు ఆగి, ఫోను పని చేస్తోందా అని అడుగుతాను.