కొబ్బరినూనె డబ్బాపై ముద్ర: వర్తకుడు ఎంతవరకు నమ్మవచ్చు?

ఐనవిల్లి: అంబాజీపేట మార్కెట్ ధరల పట్టీలో కొత్తకొబ్బరికి ఒక ధర, రెండో రకానికి వేరొక ధర. కురిడీలో పాతవి, కొత్తవి, మళ్లీ వాటిలో గండేరా, గటగట. నీటికాయలో ముక్కుడు కాయ, పచ్చి కాయ. చివరన కొబ్బరినూనె 15 కిలోలకు ఇంత, కిలోకు ఇంత అని ఉంటుంది. నూనెకు తరగతి లేదు. కాయను చూసి, ఊపి, చేతితో బరువు అంచనా కట్టి ఇన్ని రకాలుగా విడదీసే వ్యాపారి నూనె దగ్గరకు వచ్చేసరికి తయారీదారు అతికించిన లేబిలును నమ్ముకోవలసి వస్తున్నది.

2025లో కొబ్బరి, నూనె ధరలు బాగా పెరిగాయి. ధర పెరిగినప్పుడల్లా మార్కెట్లోకి రెండు రకాల మాటలు వస్తాయి. మా సరుకు ల్యాబ్ పరీక్ష అయినది అన్నది ఒకటి. మిల్లు నుండి నేరుగా కనుక మా ధర తక్కువ అన్నది రెండవది. ఈ రెండు మాటలనూ వేరువేరుగా తూచి చూడాలి.

ముందు ధర. మంచి ఎండుకొబ్బరి క్వింటాలు ఆడిస్తే సుమారు 63 కిలోల నూనె, 34 కిలోల చెక్క వస్తాయి. లెక్క సులువు కోసం కొబ్బరి క్వింటాలు రూ.20,000, చెక్క కిలో రూ.30 అనుకుందాం. చెక్క విలువ రూ.1,020 తీసివేస్తే మిగిలిన రూ.18,980 మొత్తం 63 కిలోల నూనె మీద పడుతుంది. అంటే కిలో రూ.301. ఇందులో కరెంటు, కూలి, డబ్బా, కిరాయి, వడ్డీ ఏదీ లేదు. ఈ స్థితిలో ఒక మిల్లు కిలో రూ.250కి స్వచ్ఛమైన నూనె ఇస్తానంటే పాత నిల్వ అయినా ఉండాలి, మరొక నూనె అయినా కలిసి ఉండాలి. దళారీ లేనందువల్ల మిగిలేది ఇంత పెద్ద మొత్తం కాదని దళారులకే బాగా తెలుసు.

కొలతలో కూడా ఒక చమత్కారం ఉన్నది. లీటరు కొబ్బరినూనె తూకానికి సుమారు 915 గ్రాములే. 15 కిలోల డబ్బా, 15 లీటర్ల డబ్బా పక్కపక్కన పెడితే చూపుకు తేడా అంతగా తెలియదు. రెండవ దానిలో ఉండేది 13 కిలోల 700 గ్రాములు. ధర చౌక అన్న డబ్బా మీద ముందు చదవవలసింది కిలోయా, లీటరా అన్నదే.

ఇక పరీక్షల సంగతి. ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం కొబ్బరినూనె అయొడిన్ విలువ 7.5 నుండి 10 లోపు ఉండాలి. సపోనిఫికేషన్ విలువ 250కి తగ్గరాదు, పొలెన్‌స్కీ విలువ 13కు తగ్గరాదు, ఆమ్ల విలువ 6 దాటరాదు. పామాయిల్ అయొడిన్ విలువ 45 పైమాటే. కనుక పదిపాళ్లు పామాయిల్ కలిపితే 8 ఉండవలసిన అంకె 12 దాకా పోతుంది, దొంగ దొరికిపోతాడు. పారఫిన్ కలిపినా సపోనిఫికేషన్ అంకె పడిపోయి బయటపడుతుంది.

చిక్కంతా పామ్ గింజ నూనెతోనే. పామాయిల్ పండు గుజ్జు నుండి వస్తే ఇది గింజలోని పప్పు నుండి వస్తుంది. స్వభావంలో కొబ్బరినూనెకు దగ్గర చుట్టం. దీని అయొడిన్ విలువ 18 అనుకుంటే, పదిపాళ్లు కలిపిన కొబ్బరినూనె 9 చూపుతుంది. 10 లోపే కనుక పరీక్షలో పాసు. పొలెన్‌స్కీ కూడా ఆ మోతాదుకు హద్దు దాటదు. తయారీదారు చూపే కాగితం అబద్ధం కాదు, కాని అది అడిగిన ప్రశ్నకు మాత్రమే జవాబు చెబుతున్నది. కొవ్వు ఆమ్లాలను విడివిడిగా లెక్కించే గ్యాస్ క్రొమటోగ్రఫీ పరీక్ష ఇంతకంటె మెరుగు. స్వల్ప మోతాదు కల్తీని అది కూడా తేలికగా తేల్చలేదు.

తుపాకుల వ్యాపారంలోనూ ఇదే తీరు. రైఫిలు గొట్టాన్ని మామూలుకన్నా ఎక్కువ ఒత్తిడి పుట్టించే తూటాతో పేల్చి చూసి ముద్ర వేస్తారు. ఆ ముద్రకు అర్థం గొట్టం పగలదని. గురి తప్పదని కాదు. గురి గురించి కంపెనీ ప్రకటనలో చెప్పేది వేరే సంగతి, ఎన్ని గుళ్లు, ఎంత దూరం, ఎవరు కాల్చారు అని అడిగితే గాని దాని విలువ తెలియదు.

నూనె కాగితం మీద కూడా అడుగున సన్నటి అక్షరాలలో, ఈ ఫలితం అందిన నమూనాకు మాత్రమే వర్తిస్తుందన్న అర్థం వచ్చే వాక్యం ఉంటుంది. నమూనా తీసింది ఎవరు? మిల్లువారే తీసి పంపితే అది వారు ఎంచిన నూనె. బ్యాచ్ నంబరు డబ్బాపై ఉన్నదానితో కలుస్తున్నదా? తేదీ ఏనాటిది? నిరుటి కాగితాన్ని ఈ ఏటి సరుకుకు చూపడం మార్కెట్లో వింత కాదు. ఈ విషయంలో ఆగ్‌మార్క్ కొంత నయం. 1937 చట్టం కింద నడిచే ఈ ముద్రకు ప్యాకరు అధికారపత్రం పొందాలి, లాటు వారీగా పరీక్ష జరగాలి. అయితే కొబ్బరినూనెకు ఇది స్వచ్ఛందమే. ముద్ర లేని సరుకు చెడ్డదని అనలేము.

గానుగ నూనె అన్న మాటకు మాత్రం మా దృష్టిలో అదనపు ధర ఇవ్వడం తొందరపాటు. పైన చెప్పిన పరీక్షల కాగితంలో గానుగకూ ఎక్స్‌పెల్లరుకూ తేడా చూపే గడి ఒక్కటి లేదు. వెళ్లి గానుగ చూసి వచ్చినవారు ఇవ్వవచ్చు.

చిన్న సీసాల ధర విషయంలో ఒక సాకు ఈమధ్యనే పోయింది. చిన్న ప్యాకెట్లలోని కొబ్బరినూనె వంటనూనెయా, తలనూనెయా అన్న వివాదంపై సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 18న తీర్పు చెప్పింది. వంటనూనెగా ప్రమాణాలకు సరిపోయి, అలాగే అమ్మితే ప్యాకెట్ చిన్నదైనంత మాత్రాన తలనూనె కాదన్నది. అప్పటికి జీఎస్టీ ఒకదానికి 5 శాతం, రెండవదానికి 18. 2025 సెప్టెంబరు 22 నుండి తలనూనెకు కూడా 5 శాతమే. ఇప్పుడు పన్ను పేరు చెప్పి ఎవరైనా ఎక్కువ అడిగితే బిల్లు చూపమనవచ్చు.

బిల్లు అన్నది వర్తకులకు ఇంకొక విధంగా కూడా ముఖ్యం. 2018లో కేరళ ఆహార భద్రతా శాఖ కల్తీ కారణంగా పలుమార్లు కొబ్బరినూనె బ్రాండ్లను నిషేధించింది. డిసెంబరులో ఒక్కసారే 74 బ్రాండ్లు పోయాయి. అలాంటప్పుడు నిల్వ ఎవరి గోదాములో ఉంటే నష్టం వారిదే. 2006 చట్టం ప్రకారం నాసిరకం సరుకుకు జరిమానా రూ.5 లక్షల వరకు ఉండవచ్చు. అమ్మిన వర్తకుడు కూడా జవాబు చెప్పుకోవలసిన వాడే. తయారీదారు ఇచ్చే లిఖిత హామీ, లేదా హామీగా చెల్లే బిల్లు చేతిలో ఉంటే తన వాదన వినిపించుకునే దారి ఉంటుంది. తెల్లకాగితంపై రాసిన లెక్కతో ఆ దారి మూసుకుపోతుంది.

ఆహార భద్రతా అధికారి నమూనా తీసినప్పుడు దానిని నాలుగు భాగాలు చేస్తారు. ఒక భాగాన్ని గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపమని వర్తకుడు అక్కడికక్కడే కోరవచ్చు. ఖర్చు తనదే. పెద్ద లాటు కొనేటప్పుడు కూడా ఇదే పద్ధతి పాటించవచ్చు. ఇరుపక్షాల ఎదుట తెరవని డబ్బా నుండి నమూనా తీసి, సీలు వేసి, ఒక సీసా మిల్లుకు, ఒకటి ల్యాబుకు, ఒకటి మనవద్ద. ఫలితం వచ్చేవరకు సొమ్ములో కొంత నిలిపి ఉంచుతామంటే ఒప్పుకునే మిల్లు ఎవరిదో, బేరం వదులుకునే మిల్లు ఎవరిదో ఆ పూటకే తేలుతుంది.