కోడ్‌కి గణవిభజన

సీనియర్లు వదిలేసి వెళ్లిన లైబ్రరీ ప్రాజెక్టు ఒకటి ఈ సెమిస్టర్‌లో మా టీమ్ చేతికొచ్చింది. అంతా జావా. బోలెడన్ని క్లాసులు, కామెంట్లు మాత్రం దాదాపు సున్నా. ఇందులో ఏ డిజైన్ ప్యాటర్న్‌లు వాడారో ఒక ప్రోగ్రామే చదివి చెప్పలేదా అనిపించింది.

డిజైన్ ప్యాటర్న్ అంటే పదే పదే ఎదురయ్యే సమస్యకి అనుభవం మీద కుదిరిన పరిష్కారం. 1994లో ఎరిక్ గామా, రిచర్డ్ హెల్మ్, రాల్ఫ్ జాన్సన్, జాన్ వ్లిసిడెస్ అలాంటివి 23 కలిపి పుస్తకం తెచ్చారు. మనం 'గ్యాంగ్ ఆఫ్ ఫోర్' అనేది వీళ్లనే.

వాటిని కనిపెట్టడం పద్యానికి గణవిభజన చేయడం లాంటిదే. ముందు కోడ్‌ని పార్స్ చేసి గ్రాఫ్ తయారుచేస్తాం. క్లాసులు చుక్కలు. ఏది దేన్నుంచి ఇన్‌హెరిట్ అయింది, ఏది దేన్ని పిలుస్తోంది అన్నవి గీతలు. ప్యాటర్న్ కూడా ఒక బుల్లి గ్రాఫే. అది పెద్ద గ్రాఫ్‌లో ఎక్కడ ఇముడుతుందో వెతకాలి.

సింగిల్టన్ సులువు: ప్రైవేట్ కన్‌స్ట్రక్టర్, తన రకానిదే ఒక స్టాటిక్ ఫీల్డ్, దాన్ని తిరిగిచ్చే స్టాటిక్ మెథడ్. ఈ మూడూ కనిపిస్తే దాదాపు దొరికినట్టే.

మిగతావి అంత తేలిగ్గా లొంగవు. ఉత్పలమాలలో మొదటి గురువుని రెండు లఘువులు చేస్తే చంపకమాల అవుతుంది, పేరే మారిపోతుంది. కోడ్‌లో అలా కాదు. మధ్యలో ఇంకో క్లాసు దూర్చినా ప్యాటర్న్ అదే, కానీ అచ్చంగా సరిపోల్చే ప్రోగ్రామ్ దాన్ని వదిలేస్తుంది. అందుకే 2006లో నికొలావోస్ సాంతాలిస్ బృందం పోలికకి స్కోరు ఇచ్చే పద్ధతి ప్రతిపాదించింది. జేహాట్‌డ్రా, జేయూనిట్ లాంటి వాటిపై పరీక్షించింది కూడా.

అసలు చిక్కు స్టేట్, స్ట్రాటజీ దగ్గర. రెండింటి గ్రాఫూ ఒకటే. వాళ్ల టూల్ కూడా ఈ రెంటినీ కలిపే చూపిస్తుంది. నేను రాసిన చిన్న ప్రోగ్రామ్ కూడా మా ప్రాజెక్టులో ఒకచోట "స్టేట్ లేదా స్ట్రాటజీ" అంది. స్ట్రాటజీయే అనుకుని బయటినుంచి ఆబ్జెక్ట్ మార్చాం. అంతే, ఎవరో తీసుకెళ్లిన పుస్తకం షెల్ఫ్‌లో ఉన్నట్టు చూపించడం మొదలెట్టింది!

రెండు రోజులు తలపట్టుకున్నాక ఒక ప్రశ్న దారి చూపింది: ఆ ఆబ్జెక్ట్‌ని మారుస్తున్నది ఎవరు? స్ట్రాటజీ అయితే వాడేవాళ్లు బయటినుంచి ఎంచుకుంటారు. మా కోడ్‌లో 'ఇచ్చాం' అనే క్లాసే పని అయ్యాక 'అందుబాటులో ఉంది' అనే క్లాసుని తెచ్చి పెడుతోంది. అంటే అది స్టేట్. ఆ ఒక్క రూల్ ప్రోగ్రామ్‌లో చేర్చాను. అయినా స్టేట్ ఎప్పుడూ తనే మారాలని లేదు కాబట్టి ఈ రూల్ కూడా అన్నిచోట్లా పనికిరాదు.

ఒకే ఉత్పలమాలలో పొగడనూ వచ్చు, తిట్టనూ వచ్చు. గణాలు లెక్కపెడితే ఛందస్సు తెలుస్తుంది, కవి మనసు తెలియాలంటే పద్యం చదవాల్సిందే. అందుకే ఆ క్లాసు పైన రెండు లైన్ల కామెంట్ రాసిపెట్టాం. వచ్చే జూనియర్లకైనా ఆ రెండు రోజులు మిగులుతాయి.